టెక్ సందేహాలు: కలంకారీ అని వెతికితే చీరల దుకాణాలే వస్తున్నాయి!

ప్రశ్న: ఫ్యాషన్ డిజైన్ రెండో ఏడాది చదువుతున్నాను. పాతకాలపు మచిలీపట్నం కలంకారీ మీద ప్రాజెక్టు ఇచ్చారు. గూగుల్‌లో వెతికితే అమ్మకానికి పెట్టిన చీరలే వస్తున్నాయి. విదేశీ మ్యూజియాల సైట్లలోనూ పెద్దగా ఏమీ దొరకలేదు. – ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: మీకు కావలసిన బట్టలు ఆ మ్యూజియాల్లో బోలెడు ఉన్నాయి. చాలావాటిని కలంకారీ అన్న పేరు కింద నమోదు చేయలేదు, అంతే. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో కోరమండల్ తీరంలో (మన తూర్పు తీరం) ఓడలెక్కిన అద్దకం బట్టను కొన్నవాళ్లు ఎవరికి నచ్చిన పేరుతో వాళ్లు పిలుచుకున్నారు. ఇంగ్లిష్‌వాళ్లు చింట్జ్ అన్నారు, డచ్చివాళ్లు సిట్స్ అన్నారు, జపాన్‌లో సరసా అన్నారు. మంచం మీద పరిచే పెద్ద దుప్పటయితే పాలంపోర్. కేటలాగుల్లోకి ఎక్కినవి ఆ పేర్లే.

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం సైట్‌లోకి వెళ్లి, చింట్జ్ (chintz), కోరమండల్ (Coromandel) అనే రెండు మాటలూ ఇంగ్లిష్‌లో కలిపి కొట్టండి. వచ్చిన వాటిలో ఒకదాన్ని తెరిచి, బొమ్మ చూసి ఊరుకోకుండా కిందికి రండి. ఎక్కడ తయారైంది, ఏ కాలానిది, ఏ పద్ధతిలో చేశారు అన్నవి విడివిడిగా రాసి ఉంటాయి. పద్ధతి దగ్గర మార్డెంట్, రెసిస్ట్ వంటి మాటలు తగులుతాయి. రంగును బట్టకు పట్టించే పటిక వంటిది మార్డెంట్. రంగు అంటకుండా మైనం పూయడం రెసిస్ట్. మీ తర్వాతి వెతుకులాటకు ఇవే మాటలు వాడండి. అక్కడే యాక్సెషన్ నంబర్ అని, ఆ వస్తువుకు మ్యూజియం ఇచ్చిన గుర్తింపు సంఖ్య ఒకటుంటుంది, భారతీయ వస్తువులకు చాలాచోట్ల ఐఎస్ అక్షరాలతో మొదలవుతుంది. బొమ్మతోపాటు దాన్నీ రాసుకోండి. ఆ బట్ట గురించి ఇంకెవరైనా వ్యాసం రాసి ఉంటే ఆ నంబరుతోనే పట్టుకోవచ్చు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో అయితే సిట్స్ (sits) అని కొట్టి చూడండి.

ఒక జాగ్రత్త. ఇప్పుడు మచిలీపట్నం, పెడన అంటే అచ్చుల అద్దకం, శ్రీకాళహస్తి అంటే కలంతో గీసే పని. మ్యూజియాల్లోని పాత చింట్జ్‌లో కలం పనే ఎక్కువ. పైగా చాలా నమోదుల్లో కోరమండల్ తీరం అని మాత్రమే ఉంటుంది. దాన్ని మీరు సొంతంగా మచిలీపట్నం చేసేయకండి. వైవాలో మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది.

ఇక గూగుల్ సంగతి. పాత రికార్డుల్లో మచిలీపట్నం పేరు మసూలిపటం (Masulipatam). ఆ పేరు, ఇప్పటి పేరు రెండూ రాసి, మధ్యలో ఇంగ్లిష్ పెద్ద అక్షరాలతో ఆర్ (OR) అని పెడితే రెండింటికీ వెతుకుతుంది. చిన్న అక్షరాలతో రాస్తే లెక్కచేయదు. బై, ప్రైస్ అనే మాటల ముందు ఖాళీ లేకుండా మైనస్ గుర్తు పెడితే దుకాణాలు చాలావరకు తప్పుకుంటాయి. శారీ అన్న మాటకు మాత్రం మైనస్ పెట్టకండి, దుకాణాలతోపాటు మంచి వ్యాసాలూ పోతాయి.

ప్రశ్న: మా కాలేజీ లైబ్రరీ కంప్యూటర్‌లో ఫ్యాషన్ అని కొడితే కొద్ది పుస్తకాలే చూపిస్తోంది. పుస్తకాలు నిజంగానే లేవా? – హైదరాబాద్

జవాబు: ఉంటాయి, నాలుగు మూలల్లో! విషయాన్ని బట్టి పుస్తకాలకు నంబర్లు ఇచ్చే డ్యూయీ పద్ధతి పాటించే లైబ్రరీలో ఫ్యాషన్ డిజైన్‌ది 746.92. వేషధారణ 391లో, బట్టల పరిశ్రమ 677లో, దుస్తుల తయారీ 687లో ఉంటాయి. కుట్టుపని పుస్తకాలు 646 దగ్గర దొరుకుతాయి. జాబితాలో మీకు పనికొచ్చే పుస్తకం ఒక్కటి కనపడగానే దాని పూర్తి వివరాలు తెరవండి. సబ్జెక్ట్ అన్నచోట క్లాతింగ్ అండ్ డ్రెస్ అనో, టెక్స్‌టైల్ ఫ్యాబ్రిక్స్ అనో ఉంటుంది. దాని మీద నొక్కితే అదే విషయం మీద ఉన్న మిగతా పుస్తకాలన్నీ వరుస కడతాయి, పేరులో ఫ్యాషన్ అన్న మాట లేకపోయినా సరే. అప్పటికీ దొరకకపోతే లైబ్రేరియన్‌ను అడగండి. కంప్యూటర్ వచ్చాక ఆయన్ను పలకరించేవాళ్లే కరవయ్యారు.

ప్రశ్న: పరిశోధన వ్యాసాలు తెరవబోతే డబ్బు కట్టమంటున్నాయి. చాట్‌బాట్‌ను అడిగితే అది ఇచ్చిన వ్యాసాల పేర్లు ఎక్కడా దొరకడం లేదు. – తిరుపతి

జవాబు: దొరకవు, వాటిలో కొన్ని అసలు ఎవరూ రాయనివి. చాట్‌బాట్ ఇచ్చిన ప్రతి పేరుకూ డీఓఐ (DOI) నంబరు, అంటే ఒక్కో వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరు ఉందేమో చూడండి. ఉంటే డీఓఐ సైట్‌లో (doi.org) వేసి, అదే వ్యాసం తెరుచుకుంటోందో లేదో సరిచూసుకోండి. మాటలు సూచించమని అడగడానికి అది పనికొస్తుంది, ఆధారాలకు నమ్మకండి.

డబ్బు కట్టే ముందు అదే వ్యాసం పేరు గూగుల్ స్కాలర్‌లో వేసి, కింద ఆల్ వెర్షన్స్ అన్నది నొక్కండి. రచయితలు తమ యూనివర్సిటీ సైట్‌లో పెట్టిన ఉచిత ప్రతి ఒక్కోసారి అక్కడ ఉంటుంది. బ్రౌజర్‌లో అన్‌పేవాల్ అనే ఉచిత ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే చట్టబద్ధంగా ఉచితంగా దొరికే ప్రతి ఉన్నప్పుడు పక్కన ఆకుపచ్చ తాళం చూపిస్తుంది. మన దేశంలోని పీహెచ్‌డీ గ్రంథాలకు శోధ్‌గంగ అనే వెబ్‌సైట్ ఉంది. చేనేత, అద్దకం మీద అక్కడ వెతకండి. అధ్యాయాలు విడివిడి పీడీఎఫ్‌లుగా ఉంటాయి కాబట్టి ముందు చివరిదైన బిబ్లియోగ్రఫీ దించుకోండి. ఇంకొకరు ఏళ్ల తరబడి పోగుచేసిన చదవాల్సిన పుస్తకాల జాబితా మీకు అక్కడ ఊరికే దొరుకుతుంది.

ప్రశ్న: పింటరెస్ట్‌లో దొరికిన బొమ్మలను పోర్ట్‌ఫోలియోలో వాడవచ్చా? – విశాఖపట్నం

జవాబు: ఆలోచనల కోసం బొమ్మలు అతికించుకునే మూడ్ బోర్డు మీ దగ్గరే ఉంటే ఫర్వాలేదు. ప్రచురించే పోర్ట్‌ఫోలియోలో వద్దు. బొమ్మను గూగుల్ లెన్స్‌లో వేసి అసలు ఎక్కడిదో తెలుసుకోండి, 'మూలం: పింటరెస్ట్' అని రాయడం మూలం చెప్పినట్టు కాదు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి తన సేకరణలో పబ్లిక్ డొమైన్‌లో ఉన్న (కాపీరైట్ లేని) వస్తువుల ఫొటోలను అనుమతి అడగకుండా వాడుకోనిస్తోంది. వెతికేటప్పుడు ఓపెన్ యాక్సెస్ అన్న గడిలో టిక్ పెడితే అవే వస్తాయి.