టీవీ, నెట్, ఫోన్ మూడూ ఒకే కంపెనీ దగ్గరా? ముందు నెట్ సంగతి తేల్చుకోండి

కొత్త ఇంటికి మారుతున్నామనీ, టీవీ, నెట్, ల్యాండ్‌లైన్ మూడూ కలిపి ఒకే కంపెనీ కాంబో ఇస్తానంటోందనీ, తీసుకోవచ్చా లేక విడివిడిగా పెట్టించుకోవడం మేలా అనీ అడిగారు. ఇంట్లో పెద్దవాళ్లు టీవీ ఎక్కువ చూస్తారనీ, మీరు ఇంటి నుంచే పని చేస్తారనీ రాశారు. మా ఇంటి లెక్కా అచ్చం ఇదే. కొన్నేళ్లు మూడూ కాంబోలోనే నడిపాం. గడువు అయిపోయాక టీవీని విడదీసి, నెట్టూ ఫోనూ కలిపే ఉంచాం. ఇప్పటికీ అలాగే నడుస్తోంది.

ముందు నెట్ లైను ఒక్కటే చూసి కంపెనీని తేల్చుకోండి. టీవీ, ఫోను కలుపుకోవాలా వద్దా అన్నది ఆ తర్వాతి మాట. చాలామంది ఛానెళ్ల జాబితా, దాంతో వచ్చే ఉచిత ఓటీటీలు చూసి సంతకం పెట్టేస్తారు. కానీ ఇప్పుడు వస్తున్న కాంబోల్లో చాలావాటికి టీవీ, ఫోను కూడా ఆ నెట్ తీగ మీదే ఇంట్లోకి వస్తాయి. లైను బాగుంటే మూడూ బాగుంటాయి. అది మొరాయించిందా, మీ ఆఫీసు కాలూ పోతుంది, పెద్దవాళ్ల సీరియలూ ఆగుతుంది, ఫిర్యాదు చేద్దామంటే ల్యాండ్‌లైనూ పలకదు. అందుకే మొబైల్ మాత్రం ఇంటి నెట్ ఇచ్చే కంపెనీది కాకుండా వేరేది ఉండేలా చూసుకోండి. మొబైల్ సిమ్‌లు కూడా అదే కాంబోలో కలిపేస్తామంటారు, ఒప్పుకోవద్దు. లైను పోయిన రోజు హాట్‌స్పాటే దిక్కు.

నెట్ విషయంలో అడగాల్సిన మొదటి మాట, ఫైబర్ (వెలుగుతో నెట్ మోసే సన్నని గాజు తీగ) ఇంట్లోకే వస్తుందా, లేక వీధి డబ్బా దాకా వచ్చి అక్కడి నుంచి రాగి తీగో కేబుల్ టీవీ తీగో లాగుతారా అని. రెండో మాట, అప్‌లోడ్, అంటే మీ వైపు నుంచి బయటికి వెళ్లే వేగం, ఎంత అని. అమ్మేవాళ్లు చెప్పే స్పీడు డౌన్‌లోడ్‌ది. పాత కేబుల్ లైన్ల మీద అప్‌లోడ్ అందులో చిన్న భాగమే ఉంటుంది. వీడియో మీటింగ్‌లో మీ ముఖం అవతలివాళ్లకు గళ్లుగళ్లుగా కనిపించడానికి కారణం చాలాసార్లు అదే.

ఎంత స్పీడు కావాలన్న దగ్గర పెద్ద ప్లాను అంటగట్టాలని చూస్తారు. నిజానికి హెచ్‌డీ వీడియోకి 5 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు), 4కే వీడియోకి 15 నుంచి 25 దాకా, వీడియో కాల్‌కి 3, 4 ఉంటే చాలు. ఫోను మాటకైతే 0.1 ఎంబీపీఎస్ కూడా దాటదు. రెండు టీవీలు, ఇద్దరు మీటింగుల్లో, ఒకరు ఫోను చూస్తూ ఉన్న ఇంటికి 100 ఎంబీపీఎస్ నికరంగా వస్తే మిగులుతుంది కూడా. ఆ 100 అన్నది బిట్లలో లెక్క, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు, అందుకే ఫైలు దిగేటప్పుడు సెకనుకు 12.5 మెగాబైట్లే కనిపిస్తుంది. మోసం జరిగిందని అనుకోకండి. నెట్ నెమ్మదిగా ఉందనుకునే ఇళ్లలో చాలావాటికి అసలు జబ్బు వైఫైలో ఉంటుంది. రౌటరు తలుపు పక్కన మూలన, పని చేసుకునే గది రెండు గోడల అవతల ఉంటే, వైఫై పంపే రెండు రకాల సిగ్నళ్లలో వేగమైన 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ అక్కడికి చేరేసరికి నీరసించిపోతుంది. రెండోది, 2.4 గిగాహెర్ట్జ్, చేరుతుంది కానీ వేగం తక్కువ, పైగా ఇరుగుపొరుగు రౌటర్ల రద్దీ. ప్లాను పెంచే బదులు రౌటరును ఇంటి మధ్యకు పెట్టించుకోండి. తీగ లాగే రోజే చెప్పాలి, తర్వాత ఎవరూ వినరు.

ఆ రోజు ఇంకో పని కూడా చేయించండి. ఫైబర్ చివర ఆకుపచ్చ కొన ఉంటుంది, దాన్ని చేతి మీటరులో పెట్టి వెలుగు ఎంత అందుతోందో చూస్తారు. మైనస్ అంకె వస్తుంది. సున్నాకి ఎంత దూరం జరిగితే వెలుగు అంత తగ్గినట్టు, మైనస్ 27 దగ్గరికి వచ్చిందంటే లైను తెగే అంచున ఉన్నట్టే. మా ఇంట్లో ఒక దశలో నెట్ రోజూ పడిపోయేది, ఇంట్లోని ఫైబర్ డబ్బా మీద ఎల్ఓఎస్ అన్న ఎర్ర దీపం, అంటే వెలుగు అందడం లేదన్న గుర్తు, వెలిగేది. కస్టమర్ కేర్‌కి ఎన్నిసార్లు ఫోన్ చేసినా "రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి" అన్న పాటే. చివరికి వచ్చిన కుర్రాడు రౌటరు జోలికి పోలేదు. మీటరు పెట్టి చూశాడు, మైనస్ 27 చూపించింది. తీగ వెంట చేత్తో తడుముకుంటూ పోయి బీరువా వెనక ఆగాడు. అక్కడ తీగ మూలకు నొక్కుకుని గట్టిగా మడత పడి ఉంది. బీరువా కాస్త జరిపి, మడత విప్పి, వెడల్పుగా చుట్ట చుట్టి మళ్లీ చూస్తే మైనస్ 20. ఆ తర్వాత ఎర్ర దీపం రాలేదు. మొదటి రోజు అంకె రాసి పెట్టుకుంటే తేడా ఎప్పుడొచ్చిందో మీకే తెలుస్తుంది, ఫిర్యాదులో ఆ అంకె చెబితే మాట తీరు కూడా మారుతుంది.

ఆఫీసు సర్వరుకో, ఇంటి కెమెరాలకో బయటి నుంచి కనెక్ట్ కావాల్సిన అవసరం ఉంటే ఒకటి చూసుకోండి. రౌటరు సెట్టింగుల్లో బయటి ఐపీ అడ్రసు 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే, మీకు సొంత అడ్రసు లేదు, చాలా ఇళ్లకు కలిపి ఒకటే ఇచ్చారని అర్థం. అప్పుడు విడిగా పబ్లిక్ ఐపీ, అంటే మీ ఇంటికే సొంతమైన అడ్రసు, అడగాలి. అవసరం లేనివాళ్లు దీన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఇక టీవీ. వందల ఛానెళ్లు అన్న మాటకు పడిపోకండి. ఓ వారం రోజులు పెద్దవాళ్లు నిజంగా ఏవి పెడుతున్నారో కాగితం మీద రాయండి. మా ఇంట్లో రాస్తే ఆ జాబితా అరపేజీ కూడా నిండలేదు. ఆ ఛానెళ్లు కాంబోలోని ఏ ప్యాకులో ఉన్నాయో చూడండి, సరిగ్గా వాళ్లకు కావాల్సిన ఒక్కటి పై ప్యాకులో ఉంటుంది. రెండో టీవీకి ఇంకో సెట్‌టాప్ బాక్సు కావాలా, దానికి అద్దె ఎంత, టీవీ చూస్తే మీ డేటా కోటా తరుగుతుందా, ఇవీ అడగండి. ఉచిత ఓటీటీ అంటే ఏ రకం ప్లానో చూడండి, మొబైల్‌లో మాత్రమే ఆడేదో, మధ్యలో ప్రకటనలు వచ్చేదో అయి ఉంటుంది.

ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి ఉంది, రిమోటు. మా నాన్నకు ఛానెళ్లు పేర్లతో గుర్తుండవు, నంబర్లతో గుర్తుంటాయి. కాంబోలోకి మారగానే నంబర్లన్నీ మారాయి, పైగా బాక్సు ఆన్ చేయగానే ఛానెల్ రాదు, బొమ్మల మెనూ వస్తుంది. ఆయన వార్తలు పెట్టమని పని మధ్యలో నన్నే పిలిచేవారు. టీవీని విడగొట్టడానికి డబ్బు లెక్క ఎంత కారణమో ఇదీ అంతే కారణం. డిష్‌కి మారాక వాన గట్టిగా పడితే బొమ్మ పోతుంది, నిజమే. కానీ నెట్ పోయినా టీవీ ఆడుతుంది, టీవీ పోయినా నా పని ఆగదు.

ఫోను దగ్గర మాత్రం జాగ్రత్త. పాత రాగి ల్యాండ్‌లైనుకు కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది, దాదాపు 48 వోల్టులు, అందుకే ఇంట్లో కరెంటు పోయినా మోగేది. ఫైబర్ మీద వచ్చే ఫోనుకు ఆ వసతి లేదు. ఇంట్లోని డబ్బాకు కరెంటు లేకపోతే ఫోనూ లేదు. రౌటరుకూ ఫైబర్ డబ్బాకూ సరిపడే చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకోండి. పెద్దవాళ్ల కోసం ల్యాండ్‌లైనుకు తగిలించే ఎమర్జెన్సీ అలారం లాంటిది ఉంటే అది కొత్త లైను మీద పనిచేస్తుందో లేదో ముందే పరీక్షించండి. ఇదేమీ చిన్న విషయం కాదు. బ్రిటన్‌లో పాత టెలిఫోన్ వ్యవస్థను 2025 చివరికల్లా ఆపేద్దామనుకుని, ఇలాంటి అలారాలు వాడే వృద్ధుల సంగతి తేలక 2027 జనవరికి జరిపారు. పాత నంబరే కావాలంటే, అది కొత్త కంపెనీకి బదిలీ అయ్యేదాకా పాత కనెక్షన్ రద్దు చేయకండి. ముందే రద్దు చేస్తే నంబరు మీ చెయ్యి దాటిపోవచ్చు.

ధర పోల్చేటప్పుడు నెలవారీ అంకె చూడకండి. ఒప్పందం మొత్తం కాలానికి ఎంతవుతుందో వేయండి: ఆఫరు నెలలు, ఆఫరు అయ్యాక వచ్చే అసలు ధర, ఇన్‌స్టలేషన్, బాక్సు అద్దె, పన్నులు, అన్నీ. తర్వాత ఒక ప్రశ్న వేయండి: "మధ్యలో టీవీ ఒక్కటే తీసేస్తే నెట్ ధర ఎంత అవుతుంది?" జవాబు మెయిల్‌లో రాసి పంపమనండి. మాకు వచ్చిన జవాబు, నెట్ ఒక్కటే తీసుకున్నా దాదాపు కాంబో ధరే అని. అలా ఉంటే టీవీని ఉచితంగా వచ్చిందనుకుని వాడుకోవచ్చు, గడువయ్యే దాకా కదలాల్సిన పని లేదు. గడువు దగ్గర పడ్డాక మానేస్తామని ఫోన్ చేస్తే వేరే విభాగానికి కలుపుతారు, బేరం కుదిరేది అక్కడే. మాకు నెట్టూ ఫోనూ కలిపి తగ్గించి ఇచ్చింది వాళ్లే.

బాక్సు వెనక్కిచ్చేటప్పుడు రిమోటు, అడాప్టరుతో సహా సీరియల్ నంబరు కనిపించేలా ఫొటో తీసి, రసీదు తీసుకోండి. బాక్సు అప్పగించి చాలా నెలలయ్యాక మాకు దాని ఖరీదు బిల్లు వేసి పంపారు. రసీదు ఉంది కాబట్టి ఒక్క మెయిల్‌తో పోయింది. ఆ కంపెనీ ఇచ్చిన ఈమెయిల్ అడ్రసు వాడుతుంటే అది కూడా కనెక్షన్‌తో పాటే పోవచ్చు, బ్యాంకు ఖాతాలకు అసలు ఇవ్వకండి.

మీరు చెప్పినదాన్ని బట్టి, ఫైబర్ ఇంట్లోకే వస్తుంటే నెట్టూ ఫోనూ కలిపి తీసుకోండి. పెద్దవాళ్లకు ఇప్పుడున్న టీవీ కనెక్షన్, అదే రిమోటుతో, కొత్త ఇంటికి మార్పించండి. మూడూ కలిపిన మొత్తం దీనికంటే బాగా తక్కువైతే అప్పుడు కాంబో వైపు చూడండి, అదీ ఒప్పందం ఏడాది దాటకపోతేనే. పక్కింటివాళ్లు ఏ కంపెనీ వాడుతున్నారో, లైను పోతే మనిషి ఎన్నాళ్లకు వస్తున్నాడో అడిగాకే సంతకం పెట్టండి.