అక్క జబ్బు చూసి కార్ టీ సెల్ రంగంలోకి వెళ్తానంటోంది

ప్రశ్న: మా పెద్దమ్మాయికి లూపస్ వల్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి. చిన్నమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ ఫైనల్ ఇయర్. ఈ జబ్బుకు కార్ టీ సెల్ థెరపీ వస్తోందని చదివి, ఆ పనే చేస్తానంటోంది. ఉద్యోగాలుంటాయా? – ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ఉంటాయండి. కాకపోతే అవి మీ అమ్మాయి ఊహించుకుంటున్న చోట కాకుండా మరోచోట, అంటే ఈ చికిత్సకు కావాల్సిన కణాలు తయారుచేసే చోట ఎక్కువ.

లూపస్‌లో బి కణాలు (యాంటీబాడీల తయారీకి మూలమైన తెల్లరక్త కణాలు) దారి తప్పి సొంత శరీరం మీదే యాంటీబాడీలు తయారుచేస్తాయి. అవి కిడ్నీ వడపోతను పాడుచేస్తాయి. కార్ టీ సెల్ చికిత్సలో రోగి రక్తం నుంచి టి కణాలు (మరో రకం తెల్లరక్త కణాలు) తీసి, బి కణాల మీదుండే సీడీ19 అనే ప్రొటీన్‌ను గుర్తుపట్టేలా చేసే జన్యువును వాటిలో చేర్చి, పెంచి, తిరిగి ఎక్కిస్తారు. అవి వెళ్లి బి కణాలను చంపేస్తాయి. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో గియోర్గ్ షెట్ బృందం 2024లో ప్రచురించిన ఫలితాల్లో 8 మంది లూపస్ రోగులకూ జబ్బు అదుపులోకి వచ్చింది, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు ఆపగలిగారు. అయినా లూపస్‌కు ఇది ఇంకా పరిశోధన దశే. మన దేశంలో 2023లో అనుమతి వచ్చిన నెక్స్‌కార్19 అనే కార్ టీ చికిత్స రక్త క్యాన్సర్లకు. పెద్దమ్మాయి మందులు మాత్రం డాక్టరును అడగకుండా ఆపకండి.

ఇక ఉద్యోగం సంగతి. ఇది ఫ్యాక్టరీలో వేలకొద్దీ తయారయ్యే మాత్ర కాదు, ఒక్కో రోగికి ఒక్కో బ్యాచ్. కాబట్టి క్లీన్ రూమ్‌లో కణాలు పెంచేవాళ్లు, ఫ్లో సైటోమెట్రీతో (కణాలను ఒక్కొక్కటిగా లేజర్ కాంతిలో పరీక్షించే పద్ధతి) నాణ్యత పరీక్షించేవాళ్లు, బ్యాచ్ రికార్డులు తప్పు లేకుండా రాసేవాళ్లు కావాలి. ఓపిక, శుభ్రత, రాత్రి షిఫ్టు, ఇవి నచ్చకపోతే పీహెచ్‌డీ చేసి పరిశోధన వైపు వెళ్లడమే మేలు. ఆ దారి పొడుగు, మొదట్లో జీతం తక్కువ. రోగులకు స్వయంగా వైద్యం చేయాలంటే మాత్రం ఎంబీబీఎస్ తప్పదు.

బీఎస్సీతో ఆగితే చిన్న పోస్టులే. ఎమ్మెస్సీ చేయించండి. కాలేజీ పేరు కన్నా అక్కడ కణాల కల్చర్, ఫ్లో సైటోమెట్రీ విద్యార్థుల చేత చేయిస్తారా, లేక దూరం నుంచి చూపించి పంపేస్తారా అన్నది సీనియర్లను అడగమనండి. వేలకు వేలు తీసుకుని ‘కార్ టీ సర్టిఫికెట్’ ఇస్తామనే ఆన్‌లైన్ కోర్సుల జోలికి పోకండి. పైపెట్ పట్టకుండా ఈ పని రాదు.

ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షలైన ఐఐటీ జామ్ బయోటెక్నాలజీ పేపరు, గ్యాట్-బి, సీయూఈటీ పీజీ మూడింటికీ ఫైనల్ ఇయర్‌లో ఉండగానే దరఖాస్తు చేయొచ్చు. జామ్ దరఖాస్తులు సాధారణంగా సెప్టెంబరులో మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో. ఇమ్యునాలజీ యూనిట్లు ఇప్పటినుంచే గట్టిగా చదవమనండి.