డైరెక్టర్‌ను చేస్తామంటున్నారు.. మా అబ్బాయికి ఏ సేఫ్టీ ట్రైనింగ్ చేయించాలి?

ప్రశ్న: నేను స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యాను. మా అబ్బాయి కెమికల్ ఇంజినీరింగ్ చదివి, పరవాడ దగ్గర ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో పదేళ్లుగా ప్రొడక్షన్‌లో ఉన్నాడు. ఇప్పుడు యజమాని వాణ్ణి ఫ్యాక్టరీ మేనేజర్‌ను చేసి, ఏడాది తిరిగేలోగా బోర్డులోకి డైరెక్టర్‌గా తీసుకుంటానంటున్నారు. ‘ఆక్యుపైయర్‌గా నీ పేరే పెడదాం, ముందు ఏదైనా సేఫ్టీ ట్రైనింగ్ చేసిరా’ అన్నారట. వాడు సంతోషంగా ఉన్నాడు, నాకే టెన్షన్‌గా ఉంది. స్నేహితులు నెబోష్ అనే సేఫ్టీ కోర్సు చేయమంటున్నారట. ఏది మంచిది?
- ఒక తండ్రి, గాజువాక

జవాబు: మీ టెన్షన్‌కు కారణం ఉందండీ. కోర్సు సంగతికి తరువాత వద్దాం. ముందు ఆ పదవితో పాటు వచ్చేదేమిటో చూద్దాం.

ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగి ప్రాణం పోతే చట్టం ముందుగా ఇద్దరిని పిలుస్తుంది. ఒకరు ఫ్యాక్టరీ మేనేజర్, రెండోవారు ఆక్యుపైయర్, అంటే ఫ్యాక్టరీ వ్యవహారాల మీద అంతిమ అధికారం ఉన్నవారు. కంపెనీ అయితే డైరెక్టర్లలో ఒకరే ఆక్యుపైయర్ కావాలి. భోపాల్ దుర్ఘటన తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు ఈ నిబంధన తెచ్చారు. జీతానికి పనిచేసే ఆఫీసర్ పేరు చూపించి కంపెనీలు పక్కకు తప్పుకోవడం కుదరదని 1996లో జె.కె. ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. దాంతో కొందరు యజమానులు ఇంకో దారి కనిపెట్టారు: ఆ ఆఫీసర్‌నే డైరెక్టర్‌ను చేసేస్తే సరి! అందరి ఉద్దేశమూ ఇదే అనడం లేదు. పదేళ్లు నమ్మకంగా పనిచేసినవాణ్ణి మనస్ఫూర్తిగా పైకి తెచ్చేవాళ్లూ ఉన్నారు. మీ అబ్బాయి యజమాని ఏ రకమో తేల్చుకోవడం కష్టం కాదు, కిందికి వచ్చాక చెబుతాను.

ఆ ఫ్యాక్టరీల చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త భద్రతా కోడ్‌లోనూ ఆక్యుపైయర్ బాధ్యత డైరెక్టర్ మీదే ఉంది. విధులు పాటించకపోవడం వల్ల ఎవరైనా చనిపోతే రెండేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానాలో కనీసం సగం బాధిత కుటుంబానికి ఇవ్వమని కోర్టు ఆదేశించవచ్చు. ఇవన్నీ పుస్తకాల్లో ఉండే మాటలేలే అనుకునే వీలు మీ విశాఖ వాళ్లకు లేదు. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ వెలువడి 12 మంది చనిపోయారు. రెండు నెలలకు పోలీసులు అరెస్టు చేసిన 12 మందిలో సీఈఓ, మరో ఇద్దరు డైరెక్టర్లు ఉన్నారు.

ఇక కోర్సు. నెబోష్ అనేది భద్రతా కోర్సులకు సర్టిఫికెట్లిచ్చే బ్రిటిష్ సంస్థ. దాని ఇంటర్నేషనల్ జనరల్ సర్టిఫికెట్ మంచిదే. గల్ఫ్‌లో సేఫ్టీ ఆఫీసర్ ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు అది బాగా అక్కరకొస్తుంది, అందుకే మనవాళ్లలో దానికంత పేరు. కానీ మీ అబ్బాయి సేఫ్టీ ఆఫీసర్ కావడం లేదు కదా! మన దగ్గర సేఫ్టీ ఆఫీసర్‌గా నియమించడానికి ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా అడుగుతారు. చెన్నైలోని రీజనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ లాంటివి దాన్ని నడుపుతాయి. ఇతనికి అదీ అక్కర్లేదు. సేఫ్టీ ఆఫీసర్ సలహా చెబుతాడు. ప్లాంటు ఆపాలా వద్దా, డబ్బు ఖర్చు పెట్టాలా వద్దా అన్నది మేనేజరూ డైరెక్టరూ తేల్చాలి. ట్రైనింగ్ కూడా ఆ పనికి తగ్గదే కావాలి.

అలాంటివి ఐయోష్ అనే బ్రిటిష్ సంస్థవి రెండున్నాయి. మేనేజర్లకు ‘మేనేజింగ్ సేఫ్లీ’, మూడు నాలుగు రోజులు. డైరెక్టర్లకు ‘లీడింగ్ సేఫ్లీ’, అది ఇంకా చిన్నది. రెండూ చేయించండి, తప్పులేదు. అయితే నా అభిప్రాయం అడిగితే, రియాక్టర్లూ సాల్వెంట్లూ (రసాయనాలను కరిగించే ద్రవాలు) ఉన్నచోట ఇవి సరిపోవు. గోడౌన్ మేనేజర్, హోటల్ మేనేజర్ కూడా ఇదే క్లాసులో కూర్చుంటారు మరి. మీ అబ్బాయికి ముందు కావలసింది ప్రాసెస్ సేఫ్టీ, అంటే రసాయనాలు లీకై మంటలు, పేలుళ్లు జరగకుండా చూసే విద్య. నెబోష్‌లోనే, బ్రిటన్ ప్రభుత్వ భద్రతా సంస్థ హెచ్‌ఎస్‌ఈతో కలిసి రూపొందించిన ప్రాసెస్ సేఫ్టీ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ ఉంది. స్నేహితులు చెప్పిన దాని బదులు ఇది చేయమనండి. ఆ తరువాత హాజాప్ (ప్లాంటులో ఎక్కడ ఏం తప్పు జరగొచ్చో ఒక్కో భాగాన్నీ వరసగా పరిశీలించే పద్ధతి) నడపడం నేర్చుకోవాలి. అది కూడా ఏ హోటల్ హాల్లోనో స్లైడ్లు చూసి కాదు, సొంత ప్లాంటు డ్రాయింగులు బల్ల మీద పరుచుకుని.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా అనే మందుల కంపెనీలో 17 మంది చనిపోయింది హెల్మెట్లు పెట్టుకోక కాదు. లీకైన సాల్వెంట్ ఆవిరి అంటుకుని పేలింది. ఏ సాల్వెంట్ లైను ఏ కరెంటు ప్యానెల్ మీదుగా వెళ్తోంది, దాని గాస్కెట్ ఎప్పుడు మార్చారు, లీకైతే ఎక్కడికి కారుతుంది అని తీరిగ్గా కూర్చుని అడిగే మనిషి ప్రతి ప్లాంటులోనూ ఉండాలి. ఆ అడిగేవాడికి బిల్లు పాస్ చేసే అధికారం కూడా ఉండాలి.

హాట్ వర్క్ పర్మిట్ (వెల్డింగ్ లాంటి నిప్పు పనులకిచ్చే అనుమతి పత్రం) సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, స్టీల్ ప్లాంట్‌లో ఎన్ని చూసి ఉంటారో! పొద్దున గ్యాస్ డిటెక్టర్ పెట్టి చూస్తారు, సున్నా అని రాస్తారు, సంతకాలైపోతాయి. వెల్డర్ భోజనానికి వెళ్లివచ్చి అదే కాగితం మీద మళ్లీ మొదలుపెడతాడు. ఈలోగా పక్క రియాక్టర్‌లోకి ఇట్టే అంటుకునే టోలుయీన్ సాల్వెంట్ ఎక్కించారు. పర్మిట్ గడువు సాయంత్రం దాకా ఉంది, కానీ పొద్దుటి రీడింగ్‌కు ఇప్పుడు విలువ లేదు. మేనేజర్‌కు ట్రైనింగ్ వంటబట్టిందో లేదో ఇక్కడే తెలిసిపోతుంది. మధ్యాహ్నం వెళ్లి మళ్లీ గ్యాస్ టెస్ట్ చేయించాడా, ఏసీ గదిలో కూర్చుని దొంతర్లుగా వచ్చిన పర్మిట్ల మీద సంతకాలు గిలికాడా?

డైరెక్టర్‌కైతే అడిగే అలవాటు ఉండాలి. నెలనెలా ‘ప్రమాదాలు సున్నా’ అని రిపోర్టు వస్తుంటే, త్రుటిలో తప్పిన ఘటనలు కూడా సున్నాయేనా, కాంట్రాక్టు కార్మికులను కలిపారా అని అడగాలి. సైరన్ ఉందా అని అడిగి ఊరుకోకూడదు, రాత్రి షిఫ్టులో ఎవరు నొక్కుతారో అడగాలి. ఎల్జీ పాలిమర్స్‌లో సైరన్ మోగించే పాయింట్లు 36 ఉన్నా ఆ తెల్లవారుజామున మోగలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ చెప్పింది.

ఇప్పుడు యజమాని సంగతి. డైరెక్టర్ కావాలంటే డీఐఆర్-2 అనే సమ్మతి పత్రం ఇవ్వాలి. దాని మీద సంతకం పెట్టకముందే మీ అబ్బాయి రెండు విషయాలు రాతపూర్వకంగా అడగాలి. హెడ్డాఫీసుకు ఫోన్ చేయకుండా ప్లాంటు ఆపే అధికారం ఉంటుందా? భద్రత పనులకు ఎవరినీ అడగకుండా ఎంత దాకా ఖర్చు పెట్టొచ్చు? దీనితో పాటు ప్లాంటు లైసెన్సు, చివరి హాజాప్ రిపోర్టు, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ ఇచ్చిన నోటీసులు, నడుస్తున్న కేసులు చూపించమనాలి. పాత లోపాలు కూడా కొత్త డైరెక్టర్ తలకే చుట్టుకుంటాయి మరి. బోర్డులో అడిగింది, కాదన్నది మినిట్స్‌లో ఎక్కేలా చూసుకోవాలి. పాత 1948 ఫ్యాక్టరీల చట్టం 101వ సెక్షన్‌లోనే, చేయాల్సినంతా చేశాననీ, తప్పు ఫలానా వారిదనీ రుజువు చేసుకుంటే బయటపడే అవకాశం ఉండేది. అలాంటి రుజువు ట్రైనింగ్ సర్టిఫికెట్‌తో రాదు, ఇలాంటి కాగితాలతో వస్తుంది. డైరెక్టర్ల బీమా తీసుకుంటామని కంపెనీ అనొచ్చు, తీసుకోనివ్వండి. అది లాయర్ ఖర్చులు భరిస్తుంది, జైలుకు మాత్రం మనిషే వెళ్లాలి. రాజీనామా చేసినా, పదవిలో ఉన్నన్నాళ్ల తప్పులకు బాధ్యత పోదని కంపెనీల చట్టం 168వ సెక్షన్ చెబుతోంది.

అడిగినవన్నీ యజమాని ఇస్తే ఆనందంగా ఒప్పుకోమనండి. ఈ వయసులో అలాంటి అవకాశం అందరికీ రాదు. ‘మనలో మనకు ఈ కాగితాలెందుకయ్యా’ అంటే మాత్రం డైరెక్టర్ మాట వాయిదా వేయమనండి. మేనేజర్ పోస్టుకైనా ఆ రెండు అధికారాలు కావాలి. అవీ ఇవ్వనంటే ప్రొడక్షన్‌లోనే ఉండి ప్రాసెస్ సేఫ్టీ కోర్సు పూర్తి చేసుకోమనండి. ప్లాంటు నడిపిన అనుభవానికి అది తోడైతే హైదరాబాద్ చుట్టుపక్కలే కాదు, గుజరాత్‌లోని దహేజ్, అంకలేశ్వర్ వైపు కూడా ప్రయత్నించవచ్చు. ఫీజు కంపెనీ చేతే కట్టించమనండి. కోర్సు చేసి రమ్మన్నది వాళ్లే కదా.