పాపకు ప్రీపెయిడ్ కార్డు తీసివ్వొచ్చా? బెంగళూరులో మా ఇంటి అనుభవం

ప్రొద్దుటూరు నుంచి ఒకావిడ అడిగారు: పాప ఇంజనీరింగుకు బెంగళూరు వస్తోంది, ఇంకా పద్దెనిమిది నిండలేదు, హాస్టల్ ఖర్చులకు ప్రీపెయిడ్ కార్డు (ముందే డబ్బులు వేసి, వేసినంతే వాడుకునేది) ఇద్దామా, అందరూ ఫోన్‌తోనే కట్టే ఈ రోజుల్లో వీటిని అసలు ఎవరైనా వాడుతున్నారా అని.

వాడుతున్నారండి. మా ఇంట్లోనే ముగ్గురం వాడుతున్నాం. మాది మదనపల్లె, పద్నాలుగేళ్లుగా కుందలహళ్లి దగ్గర ఉంటున్నాం. నాకు అర్థమైంది ఒక్కటే. డబ్బులు ఇచ్చేది ఒకరు, ఖర్చుపెట్టేది ఇంకొకరు అయిన చోటల్లా ఈ కార్డు దూరింది. మన డబ్బులు మనమే ఖర్చుపెట్టుకునేదానికి ఫోన్ చాలు.

నాకు ముందుగా వచ్చింది ఆఫీసు భోజనం కార్డు. చేరిన కొత్తలో అది కార్డు కూడా కాదు, కూపన్ల పుస్తకం. అప్పట్లో పూటకు 50 రూపాయల దాకా పన్ను ఉండేది కాదు కాబట్టి రోజుకు రెండు పూటలు, నెలకు 22 రోజులు లెక్కేసి 2,200 ఇచ్చేవాళ్లు. వాటితో నేను భోంచేసింది తక్కువ, సూపర్‌మార్కెట్లో కందిపప్పు కొన్నది ఎక్కువ. చిల్లర తిరిగివ్వరు కదా, బిల్లు యాభైల్లోకి వచ్చేదాకా చాక్లెట్లు వేయించుకునేదాన్ని. కార్డు వచ్చాక ఆ పాట్లు తప్పాయి.

మా మరిది కంపెనీలకు నాలుగు క్యాబులు తిప్పుతాడు. ఇదివరకు డ్రైవర్లకు డీజిల్‌కు చేతికి డబ్బులిచ్చి, రాత్రిపూట బిల్లుల మీద గొడవ పడేవాడు. ఇప్పుడు బండికో ఫ్యూయల్ కార్డు. అన్నట్టు, అద్దానికి అంటించే ఫాస్టాగ్ కూడా ప్రీపెయిడే. 2021 ఫిబ్రవరిలో దాన్ని తప్పనిసరి చేసినప్పటినుంచి ఎయిర్‌పోర్టు దారిలో సాదహళ్లి టోల్ డబ్బులు కూడా డ్రైవర్ చేతికి ఇవ్వాల్సిన పని లేకపోయింది.

మా అత్తకు ఫోన్‌తో కట్టడం భయం. ఎవరో ఓటీపీ అడిగితే ఉన్నదంతా పోతుందని. విజయనగర్‌లో మా ఆడపడుచు ఇంటికి మెట్రోలో ఒక్కతే వెళ్తుంది, అందుకని మెట్రోలో పనికొచ్చే కామన్ మొబిలిటీ కార్డు తీసిచ్చాను. మొదటి నెలలోనే నవ్వులపాలయ్యాం. నేను ఆఫీసులో కూర్చుని ఆన్‌లైన్లో 200 వేశాను. ఆమె గేటు మీద కార్డు పెడితే తెరుచుకోలేదు. వెనక జనం. ఫోన్ చేసి "డబ్బులు వేసినానంటివే, ఇది ఒద్దంటాండాదే" అంది. తప్పు నాదే. ఆన్‌లైన్లో వేసింది కార్డు ఖాతాలో పడుతుంది. స్టేషన్లో కార్డు పెట్టి దాన్ని చిప్పులోకి ఎక్కించుకోవాలి, గేటు చూసేది చిప్పులో ఉన్నదాన్నే. ఇప్పుడు ఆమే ముందు కౌంటర్‌కు వెళ్లి ఎక్కించుకుంటుంది. ఈ కార్డు పోతే చిప్పులో ఉన్న డబ్బులు పోయినట్టే, కాబట్టి రెండు మూడొందలకు మించి వేయను.

ఇక మీకు కావలసింది మా అబ్బాయి సంగతి. పదిహేనో ఏట కార్డు తీసిచ్చాం. ట్యూషన్ పక్కన దర్శినిలో (నిలబడి తినే చిన్న హోటల్) కౌంటర్ మీద క్యూఆర్ స్టిక్కర్ తప్ప స్వైప్ మిషన్ లేదు. వీడు కార్డు చాపితే క్యాషియర్ పెన్నుతో ఆ స్టిక్కర్ చూపించాడట. పక్కనున్న ఫ్రెండు కట్టాడు. ఇంటికొచ్చి కార్డు టేబుల్ మీద పడేసి, "అమ్మా, దీన్ని చూపిస్తే నన్ను ముసలోణ్ణి చూసినట్టు చూశారు" అన్నాడు. ఆ తర్వాత యూపీఐతో కూడా పనిచేసేది తీసుకున్నాం.

అందులో ఇంకో చిక్కు. వాడు ఏం కొన్నా నా ఫోన్ మోగేది. మీటింగులో ఉండగా పానీపూరీ నలభై, జ్యూస్ అరవై. నాకు బాగానే ఉండేది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఒకరోజు వాడు "నాకు ఆకలేస్తే నీ ఫోన్ ఎందుకు మోగాలి?" అన్నాడు. అప్పటినుంచి నోటిఫికేషన్ ఆపేసి నెలాఖరున ఒక్కసారి చూస్తున్నా. మీ పాప హాస్టల్లో ఉంటుంది కాబట్టి ఈ సంగతి ముందే మాట్లాడుకోండి.

రూల్స్ విషయానికొస్తే, పూర్తి కేవైసీ (గుర్తింపు పత్రాల తనిఖీ) లేని కార్డులో ఎప్పుడైనా 10,000కు మించి ఉండకూడదు, నెలలో వేసేది కూడా అంతే. క్యాష్ తీయలేం, ఇంకొకరికి పంపలేం. పూర్తి కేవైసీ అయితే 2 లక్షల దాకా ఉంచొచ్చు. 2024 డిసెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన వెసులుబాటుతో అలాంటి కార్డును వేరే యూపీఐ యాప్‌కు కూడా కలుపుకోవచ్చు. ఎంత ఉంచినా వడ్డీ రాదు, కాబట్టి హాస్టల్ ఫీజు లాంటివి అందులో పెట్టకండి. గడువు తేదీ చూసుకోండి. దసరాకు ఆఫీసులో ఇచ్చిన గిఫ్ట్ కార్డులో మిగిలిన 140 రూపాయలు నేను అలాగే పోగొట్టుకున్నాను. గిఫ్ట్ కార్డులో మళ్లీ డబ్బులు వేయడానికి, క్యాష్ తీయడానికి వీల్లేదు, మిగిలింది గడువులోగా ఎక్కడో ఒకచోట కొని తీర్చాల్సిందే.

మీ బ్యాంకు ఖాతా నుంచే పాప కట్టుకునేలా యూపీఐ సర్కిల్ అని 2024లో ఒకటి వచ్చింది, నెలకు 15,000 దాకా. మంచిదే గానీ దాని వెనక ఉండేది మీ అసలు ఖాతా. కార్డు పోతే అందులో వేసిన మూడు వేలతో పోతుంది. పిల్లలకైతే నేను కార్డే ఇస్తాను. పద్దెనిమిది నిండాక ఎటూ సొంత ఖాతా తెరుస్తారు.

కొనేముందు ఒక్క పని చేయండి. చేరిన రోజే హాస్టల్ పక్కన క్యాంటీన్లో, జిరాక్స్ షాపులో ఏం తీసుకుంటారో పాపను అడిగి రమ్మనండి. స్టిక్కర్ ఒక్కటే ఉందంటే యూపీఐ లేని కార్డు జోలికి వెళ్లకండి.