ఐలో తెరుచుకుంటోంది, లినక్స్ మొదలవగానే కన్సోల్ తెగిపోతోంది. ఏం చేయాలి?

విశాఖ గాజువాక ఆఫీసులోని మీ హెచ్‌పీ ప్రోలయంట్ సర్వర్‌కు ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి కమాండ్లు కొట్టే లాగిన్) అందడం లేదని, ఐలో (iLO, ఓఎస్‌తో పని లేకుండా సర్వర్‌ను దూరం నుంచి చూసుకునేందుకు అందులోనే ఉండే చిన్న కంట్రోలర్) పేజీ మాత్రం వస్తోందని, రిమోట్ కన్సోల్ బూట్ వరకు కనిపించి లినక్స్ మొదలవగానే తెగిపోతోందని రాశారు. టెన్షన్ పడకండి, కన్సోల్ తెగడం లోపం కాదు. ర్యాక్ సర్వర్లలో ఐలో స్టాండర్డ్ లైసెన్స్ ఉంటే స్క్రీన్ ఓఎస్ మొదలయ్యే వరకే కనిపిస్తుంది. ఆ తర్వాత కూడా కావాలంటే అడ్వాన్స్‌డ్ లైసెన్స్ కొనాలి.

కొనేముందు ఇది చూడండి. సర్వర్ ఐపీకి కాకుండా ఐలో ఐపీకే ఎస్ఎస్‌హెచ్ చేసి, వీఎస్‌పీ (vsp) అని కొట్టండి. అది వర్చువల్ సీరియల్ పోర్ట్, దానికి అదనపు లైసెన్స్ అక్కర్లేదు. నేను ఉండేది మధురవాడలో, చూసుకునే సర్వర్లు ఊరికి అటు చివర. వానాకాలం రాత్రుళ్లు ఎన్ఏడీ దాటి వెళ్లే పని లేకుండా చాలాసార్లు దీంతోనే గట్టెక్కాను. వచ్చేవి అక్షరాలే కాబట్టి నెట్ స్లోగా ఉన్నా నడుస్తుంది. బయటికి రావాలంటే ఎస్కేప్ కొట్టి, తర్వాత ఓపెన్ బ్రాకెట్, అంటే ( కొట్టాలి.

వీఎస్‌పీ ఖాళీగా కనిపిస్తే ఐలోను అనుమానించకండి. లినక్స్ ఆ పోర్టుకు ఏమీ పంపడం లేదన్నమాట. వర్చువల్ సీరియల్ పోర్ట్ ఏ కామ్‌కు (సీరియల్ పోర్టు నంబరు) ఉందో బయాస్‌లో (సర్వర్ ఆన్ అవుతున్నప్పుడు తెరిచే సెట్టింగుల మెనూ) చూడండి. కామ్1 అయితే లినక్స్‌లో టీటీవైఎస్0, కామ్2 అయితే టీటీవైఎస్1. గ్రబ్‌లోని (లినక్స్‌ను మొదలుపెట్టే బూట్ మెనూ) కర్నల్ లైన్‌లో కన్సోల్=టీటీవై0, దాని తర్వాత, కామ్2 అయితే, కన్సోల్=టీటీవైఎస్1,115200 చేర్చాలి. వరుస ముఖ్యం: చివర రాసినదే అసలు కన్సోల్ అవుతుంది. లాగిన్ ప్రాంప్ట్ కోసం ఆ పోర్టుకు సీరియల్ గెట్టీ సర్వీస్ ఎనేబుల్ చేయండి. ఇదంతా సర్వర్ బాగున్న రోజునే చేసి పెట్టుకోవాల్సిన పని. ఇప్పుడైతే ఐలో నుంచి రీబూట్ చేయండి. బయాస్‌లో సీరియల్ కన్సోల్ ఆన్‌లో ఉండి గ్రబ్ మెనూ టెక్స్ట్‌లో వస్తే, వీఎస్‌పీలోనే ఆ లైన్ మార్చుకోవచ్చు.

ఐలోకు పబ్లిక్ ఐపీ ఇచ్చి ఉంటే ఈరోజే తీసేయండి, వీపీఎన్ మీదుగానే వెళ్లండి. ఐలో 4లో 2.53కు ముందు ఫర్మ్‌వేర్‌లలో పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి వచ్చే లోపం 2017లో బయటపడింది.

సర్వర్ ఆఫ్‌లో ఉన్నా ఐలో స్టాండ్‌బై కరెంటుతో నడుస్తుంది, యూపీఎస్ ఖాళీ అయితే అదీ పోతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ చూసిన ఊరు మనది. కరెంటు రాగానే సర్వర్ తనంతట తాను ఆన్ అయ్యే సెట్టింగ్ కూడా పెట్టేయండి.