జడ్పీ బడి నుంచి జూనియర్ కాలేజీకి: ఈ ఆరు వారాల్లో చేసుకోవాల్సిన పని

అమ్మలూ,

ఆశీస్సులు. టెన్త్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచీ మీ నాన్నకు ఒకటే బెంగ. "జడ్పీ బళ్లో చదివిన పిల్ల, చిన్నప్పట్నుంచీ ఐఐటీ ఫౌండేషన్ అంటూ చదివిన పిల్లల పక్కన నిలబడగలదా?" అని నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. బావకు ఫోన్లో ఏం చెప్పినా సగమే వింటాడు. అందుకే నీకు రాస్తున్నాను, ఆయనకూ చదివి వినిపించు.

పాఠాల వరకు నీకు లోటేమీ లేదు. బీఈడీ చేసి, టెట్ పాసై, డీఎస్సీలో పోస్టు కొట్టి వచ్చిన టీచర్లు చెప్పారు నీకు. బోర్డు పరీక్ష అందరికీ ఒకటే. లోటంతా అలవాట్లలో ఉంది. దానికి కారణం తెలుసుకుంటే ఎవర్నీ తిట్టుకోవాల్సిన పని ఉండదు. డిసెంబరు వచ్చిందంటే హైస్కూల్లో టెన్త్ అంటే పాస్ పర్సెంటేజీయే. పొద్దున స్పెషల్ క్లాసు, సాయంత్రం స్టడీ అవర్, మధ్యలో స్లిప్ టెస్టులు, అన్నీ 35 దాటని పిల్లల చుట్టూ తిరుగుతాయి. తిరగాలి కూడా, ఫెయిలైతే ఆ పిల్ల చదువు అక్కడే ఆగిపోవచ్చు. కానీ 500 దాటే నీలాంటివాళ్లకు ఆ నాలుగు నెలలూ వచ్చిన ఇంపార్టెంట్లనే మళ్లీ మళ్లీ రాయడంతో సరిపోతుంది. తొమ్మిదో తరగతి పుస్తకం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంటర్‌కు పునాది మాత్రం అందులోనే ఎక్కువగా ఉంది.

ప్రైవేటులో చదివితే ఇవన్నీ వచ్చేస్తాయనీ అనుకోకు. 2023లో పిల్లల చదువుల మీద సర్వేలు చేసే అసర్ సంస్థ పల్లెల్లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లల్ని పరీక్షిస్తే, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించే లెక్క చేయగలిగినవాళ్లు సగం మంది కూడా లేరు. ఆ సర్వేలో రెండు రకాల బడుల పిల్లలూ ఉన్నారు.

కాలేజీ తెరిచేలోపు ఆరు వారాలుంది. మొదటి పది రోజులు లెక్కల పాఠాలేవీ ముట్టుకోకు, మరమ్మతు చెయ్యి. 1/2 కి 1/3 కలిపితే 2/5 అని రాసే పిల్లలు ఇంటర్‌లోనూ కనిపిస్తారు, వాళ్లూ టెన్త్ పాసైనవాళ్లే. పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కలిపేస్తారు. సరైన జవాబు 5/6. భిన్నాల్లోనే ఇంకో తప్పు ఫిజిక్స్‌లో ఎదురవుతుంది. 2 ఓమ్‌లు, 3 ఓమ్‌ల నిరోధాలు సమాంతరంగా కలిపితే 5/6 దాకా సరిగ్గానే వస్తారు, అక్కడే ఆగిపోతారు. దాన్ని తిరగేయాలి: 6/5, అంటే 1.2 ఓమ్‌లు. కటకాల సూత్రంలోనూ ఇదే కథ. ఇక బ్రాకెట్ ముందు మైనస్. 7 మైనస్ బ్రాకెట్‌లో ఎక్స్ మైనస్ 3 అంటే 10 మైనస్ ఎక్స్. లోపలి మైనస్ ప్లస్‌గా మారుతుందన్నది మర్చిపోతే 4 మైనస్ ఎక్స్ వస్తుంది, ఆ ఒక్క గుర్తుతో రెండు పేజీల లెక్క గంగలో కలుస్తుంది. ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్‌లో మధ్యనుండే 2ఎబి ని మింగేయడం మూడోది.

రోజుకు 40 లెక్కలు పెట్టుకో: భిన్నాలు 15, గుర్తుల బ్రాకెట్లు 15, సర్వసమీకరణాలు 10. ముప్పావుగంట, క్యాలిక్యులేటర్ లేకుండా. తప్పు చేస్తే రబ్బరుతో చెరపొద్దు. ఒక్క గీత కొట్టి పక్కనే సరైనది రాయి. చెరిపేస్తే ఏ తప్పు పదేపదే చేస్తున్నావో నీకే తెలియకుండా పోతుంది. పదో రోజుకు ఆ గీతలన్నీ చూడు, సాధారణంగా రెండు మూడు రకాల తప్పులే తిరిగి తిరిగి వస్తుంటాయి.

తర్వాత త్రికోణమితి. టెన్త్‌లో నీకు 0, 30, 45, 60, 90 డిగ్రీల పట్టిక వచ్చు. ఇంటర్‌లో కోణం 90 దాటుతుంది, డిగ్రీలు పోయి రేడియన్లు వస్తాయి. 180 డిగ్రీలంటే పై (π) రేడియన్లు అన్న ఒక్క ముక్క పట్టుకుని 30, 45, 60, 120, 270 మార్చి చూసుకో. ఏ పాదంలో ఏది ప్లస్సో గుర్తుకు "ఆల్ సిల్వర్ టీ కప్స్" అని పిల్లలు పాడుకుంటారు (వరసగా నాలుగు పాదాల్లో అన్నీ, సైన్, టాన్, కాస్ ప్లస్ అని), నువ్వూ పాడుకో.

ఫిజిక్స్‌లో ఒక తిరకాసు ఉంది, దీన్ని ముందుగా ఎవరూ చెప్పరు. మొదటి వారాల్లోనే సరళరేఖలో గమనం మొదలవుతుంది, దానికి అవకలనం కావాలి. లెక్కల మాస్టారు అవకలనం దగ్గరికి వచ్చేసరికి ఏడాది చివరికి వస్తుంది. మధ్యలో పిల్లలు "నాకు ఫిజిక్స్ రాదు" అని తేల్చేసుకుంటారు. నీకు ప్రస్తుతానికి కావాల్సింది ఒక్క సూత్రమే: పవర్‌ను ముందుకు తెచ్చి, పవర్‌లో ఒకటి తగ్గించు. దూరం 5టీ స్క్వేర్ అయితే వేగం 10టీ, త్వరణం 10. ఇలాంటివి ఇరవై చేస్తే మొదటి అధ్యాయం బెదిరించదు. దాంతో పాటు 10 మీద పవర్ల లెక్కలు: 3 ఇంటూ 10 పవర్ 8 ని 2 ఇంటూ 10 పవర్ మైనస్ 3 తో గుణిస్తే 6 ఇంటూ 10 పవర్ 5. గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లు. ఇవి నిద్రలో అడిగినా రావాలి.

కెమిస్ట్రీలో మొదటి ఇరవై మూలకాల సంయోజకతలు, సమీకరణాలు తుల్యం చేయడం, మోల్ భావన చూసుకో. 18 గ్రాముల నీళ్లు ఒక మోల్ అయితే 9 గ్రాములు ఎన్ని మోల్‌లు? దీనికి వెంటనే "సగం" అనగలిగితే చాలు.

ఇక ఇంగ్లిష్. మీ పుస్తకాలు ద్విభాషా పుస్తకాలు, ఎడమ పేజీ ఇంగ్లిష్, కుడి పేజీ తెలుగు. ఆ ఏర్పాటు మంచిదే. కానీ జరిగేదేమిటో నీకు తెలుసు: పాఠం తెలుగు పేజీలో అర్థం చేసుకుంటారు, జవాబు ఇంగ్లిష్‌లో బట్టీ పడతారు, రెండింటి మధ్యా వంతెన ఉండదు. ఇంటర్ ఇంగ్లిష్ మీడియంలో కుడి పేజీ మాయమైపోతుంది. అప్పుడు ఇబ్బంది పెట్టేది గ్రామరూ కాదు, స్పోకెన్ ఇంగ్లిషూ కాదు, పాఠంలోని ఇంగ్లిష్ మాటలే. నెలకు రెండు వేలు కట్టి స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్‌కు వెళ్లొద్దు. మీ టెన్త్ భౌతిక రసాయన శాస్త్రం పుస్తకం తీసి, కుడి పేజీ మీద ఒక అట్ట పెట్టు. ఇంగ్లిష్ పేజీ ఒక్కటి చదువు. తెలియని మాటలు ఐదుకు మించకుండా రాసుకో. పుస్తకం మూసి, ఆ పేజీలో ఏముందో మీ తమ్ముడికి తెలుగులో చెప్పు. అప్పుడు అట్ట తీసి సరిచూసుకో. త్వరణం యాక్సిలరేషన్, జడత్వం ఇనర్షియా, వక్రీభవనం రిఫ్రాక్షన్, గతిజశక్తి కైనెటిక్ ఎనర్జీ, ఇలా జంటలు జంటలుగా ఒక పాత నోట్‌బుక్ నింపుకుంటూ పో. నెల రోజుల్లో నూటయాభై దాకా పోగవుతాయి, నీకు అవి చాలు.

ప్రశ్నలో వచ్చే క్రియాపదాలు వేరుగా నేర్చుకో. డిఫైన్ అంటే నిర్వచనం, రెండు లైన్లు. స్టేట్ అంటే నియమం చెప్పి ఆగాలి. డిరైవ్ అంటే మొదట్నుంచి సూత్రం రాబట్టాలి. డిస్టింగ్విష్ అంటే తేడాలు, పట్టికలో. జస్టిఫై అంటే కారణం చూపాలి. స్టేట్ అన్నచోట రెండు పేజీలు రాసి, డిరైవ్ అన్నచోట సూత్రం ఒక్కటే రాసి, మార్కులు పోయాయని ఏడ్చేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు.

బళ్లో టీచర్ బోర్డు మీద ప్రశ్నా జవాబూ రాస్తే దించుకున్నారు. కాలేజీలో లెక్చరర్ మాట్లాడుకుంటూ పోతాడు. అంతా రాద్దామని చూస్తే సగం పోతుంది. పేజీని ఎడమ వైపు మూడో వంతు దగ్గర మడిచి గీత పెట్టు. కుడివైపు సూత్రాలు, బొమ్మలు, లెక్కలు మాత్రం క్లాసులో రాయి. అర్థం కానిచోట ఎడమవైపు ప్రశ్నార్థకం పెట్టి ముందుకు సాగిపో. ఆ రాత్రే పుస్తకం తెరిచి ఎడమ భాగం నింపు, రేపటికి వాయిదా వేస్తే అవి నీ గీతలే అయినా నీకే అంతుబట్టవు. మిగిలిన ప్రశ్నార్థకాల్లో ఒకటి మర్నాడు లెక్చరర్‌ని అడుగు. మొదటి వారంలోనే అడుగు. మొదటి నెల నోరు మెదపని పిల్ల తర్వాత ఇక అడగదు. "సార్, ఈ స్టెప్ ఎలా వచ్చింది?" అన్న ఒక్క వాక్యం చాలు, తెలుగులో అడిగినా ఎవరూ కొట్టరు.

వేగం గురించి కొంచెమే చెబుతాను. ఇంజినీరింగ్ సీటు కోసం రాసే ఏపీ ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ప్రశ్నకు నిమిషం మీద ఏడు సెకన్లు. నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఏదీ ఖాళీగా వదలకూడదు. జేఈఈ మెయిన్‌లో తప్పుకు ఒక మార్కు కోత, అక్కడ ఈ సూత్రం చెల్లదు. ఇప్పటి నుంచే పరీక్షల మెటీరియల్ కొనకు. 20 దాకా ఎక్కాలు, 30 దాకా వర్గాలు నోటికి వస్తే ఈ వేసవికి అది చాలు.

ఎక్కడ చేరాలో మీ ఇంట్లో తేల్చుకోండి. రెండు లెక్కలు మాత్రం ముందు పెట్టుకోండి. నీకు ఎన్ఎంఎంఎస్ ఉపకార వేతనం ఏడాదికి 12,000 వస్తోంది. టెన్త్‌లో 60 శాతం, ఎస్సీ ఎస్టీలకైతే 55 శాతం దాటి, ప్రభుత్వ లేదా ఎయిడెడ్ కాలేజీలో చేరితేనే ఇంటర్ రెండేళ్లూ వస్తుంది. ప్రైవేటులో చేరితే ఆ 24,000 వదులుకున్నట్టే. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ప్రతి ఏడాదీ రెన్యువల్ చేయాలి, గడువు దాటిపోతే ఎవరూ పిలిచి ఇవ్వరు. రెండోది, ట్రిపుల్ ఐటీ: నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం. టెన్త్ మార్కుల మీదే సీటు, ఇంటర్, ఇంజినీరింగ్ కలిపి ఆరేళ్ల చదువు. రోజూ ఇంటి నుంచి ప్రభుత్వ బడికి వెళ్లి చదివినవాళ్ల మార్కులకు అదనంగా 4 శాతం కలుపుతారు. అక్కడైతే మీ నాన్న బెంగపడే జడ్పీ బడే నీకు కలిసొస్తుంది. దరఖాస్తు తప్పకుండా పెట్టు.

కాగితాల పనిలోనే ఎక్కువమంది దెబ్బ తింటారు. మెమో చేతికి రాగానే నీ పేరు, ఇంటిపేరు, అమ్మానాన్నల పేర్లు, పుట్టినతేదీ, చివరికి రెండు పుట్టుమచ్చల వరకు అక్షరం అక్షరం చూడు. పక్కన ఆధార్ పెట్టుకుని చూడు. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో ఒక్క పొడి అక్షరం ఉంటే అది ఇవాళ చిన్నదే. పాన్‌కు, పాస్‌పోర్టుకు, ఉద్యోగానికి వెళ్లిననాడు అదే గుదిబండ. మెమోలో తప్పుంటే హెడ్‌మాస్టర్ ద్వారా డీఈఓకు (జిల్లా విద్యాధికారికి), అక్కడి నుంచి ప్రభుత్వ పరీక్షల విభాగానికి వెళ్లాలి, బడిలోని అడ్మిషన్ రిజిస్టరే ఆధారం. మెమో సరిగ్గా ఉంటే ఆధార్‌నే దిద్దించు. కానీ ఆధార్‌లో పేరు జీవితం మొత్తంలో రెండుసార్లు, పుట్టినతేదీ ఒక్కసారే మార్చనిస్తారు, కాబట్టి సెంటర్‌లో కంప్యూటర్ తెర మీద అక్షరాలు నువ్వే చదివి ఊఁ అను. టీసీ తీసుకునే రోజే ఆరు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లూ అడుగు. రెండేళ్ల తర్వాత కౌన్సెలింగ్‌కు ముందు రోజు పరుగెత్తడం కన్నా ఇది నయం. కాలేజీలో ఒరిజినల్స్ ఇచ్చేముందు అన్నీ స్కాన్ చేసి, పదేసి జిరాక్స్‌లు ఇంట్లో ఉంచు.

సంతకం కూడా ఇప్పుడే ఖాయం చేసుకో. బళ్లో తెలుగులో, కాలేజీలో ఇంగ్లిష్‌లో, బ్యాంకులో ఇంకోలా పెడితే విత్‌డ్రాయల్ ఫారం వెనక్కి కొడతారు. ఒకటి ఎంచుకుని కాగితం మీద యాభైసార్లు పెట్టు.

ఒక లెక్క మీ నాన్న ముందు చేసి చూపించు. హాస్టల్ ఫీజుకు ఆయన యాభై వేలు రెండు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నాడు. రెండు రూపాయలు వినడానికి చిన్నగా ఉంటుంది. నూటికి నెలకు రెండు, అంటే ఏడాదికి 24 శాతం. నెలకు వెయ్యి, ఏడాదికి 12,000, అసలు అలాగే ఉంటుంది. బారువడ్డీ, చక్రవడ్డీ నువ్వు హైస్కూల్లో చదివావు. పుస్తకంలోని లెక్కను ఊళ్లోని అప్పుకు తగిలించి చూపలేదంతే. రేపు ఇంజినీరింగ్‌కు వెళ్లేటప్పుడు బ్యాంకు విద్యారుణం ఉంది: నాలుగు లక్షల దాకా మన వాటా అడగరు, ఏడున్నర లక్షల దాకా తాకట్టు అడగరు, చదువు అయ్యాక ఏడాదికి గానీ వాయిదాలు మొదలుకావు. ఫీజు రీయింబర్స్‌మెంట్, ర్యాంకు మీద కౌన్సెలింగ్‌లో వచ్చే కన్వీనర్ కోటా సీటుకే వర్తిస్తుంది, మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే రాదు. ఆ తేడా ఏజెంట్లు చెప్పరు.

వచ్చే ఆదివారం వస్తున్నాను. నాలుగు వందల లెక్కల్లో ఎన్నయితే అన్ని చేసి ఉంచు. జవాబులు చూడను, గీత కొట్టినవే చూస్తాను. మీ అమ్మను ఆవకాయ జాడీ ఒకటి పక్కన పెట్టమను.

మీ మావయ్య