హైదరాబాద్ నుంచి బీదర్: ఒక్క రోజులో ఏం చూడాలి, గైడ్ ఎక్కడ కావాలి?

బీదర్‌లో కోట, మదర్సా, బహమనీ సుల్తానుల సమాధులు ఒక్క రోజులో అవుతాయా, గైడ్‌ని పెట్టుకోవాలా అని ఒకరు అడిగారు. అవుతాయి, కాకపోతే ఏది ముందు ఏది తర్వాత అన్నది ముఖ్యం. గైడ్ మాత్రం ఒక్క కోటకే కావాలి.

ముంబై హైవే మీద జహీరాబాద్ దాకా వెళ్లి అక్కడ కుడికి తిరిగితే ఇంకో 30 కిలోమీటర్లు. మొత్తం 140 దాకా ఉంటుంది. వికారాబాద్ మీదుగా రైళ్లు కూడా ఉన్నాయి. ఒక్క రోజే ఉంటే తెల్లవారుజామునే బయల్దేరండి. ఎర్రరాయి ఎండకి కాగుతుంది కాబట్టి అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు వెళ్లడం మేలు.

ఊళ్లోకి రాగానే బహమనీల మంత్రి మహమూద్ గవాన్ కట్టించిన మదర్సాకి వెళ్లండి. దాని ముఖం తూర్పుకి ఉంది. మిగిలిన నీలం, తెలుపు, పసుపు పలకల మీద ఉదయపు ఎండ నేరుగా పడుతుంది. మధ్యాహ్నం వస్తే అదంతా నీడలో చప్పగా కనబడుతుంది. 1472లో కట్టిన ఈ మూడంతస్తుల చదువులబడికి ముందు రెండు మినార్లు ఉండేవి. ఔరంగజేబు కాలంలో లోపల నిల్వ చేసిన మందుగుండు పేలి ఒక మినారు, ముందు భాగంలో చాలా మేర కూలిపోయాయి. చాలామంది రోడ్డు మీద నుంచే ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. లోపలి ముంగిట్లో నిలబడితేనే గదుల వరుస, ఆ కట్టడం కొలత అర్థమవుతాయి.

అక్కడి నుంచి కోట దగ్గరే. గైడ్ ఎందుకంటే, లోపల ఉన్నవి చాలావరకు గుర్తుపట్టలేని శిథిలాలు. అంతకన్నా ముఖ్యం, చూడదగ్గ గదులకి తరచూ తాళాలు ఉంటాయి. రంగీన్ మహల్ అలాంటిదే. నల్లరాతిలో ముత్యపు చిప్ప ముక్కలు పొదిగిన పని, చెక్కిన కర్ర స్తంభాలు అందులోనే ఉన్నాయి. అది చూడకపోతే కోట సగమే చూసినట్టు. గుంబద్ దర్వాజా దాటగానే ఉంటుంది గానీ బయటికి సాదాగా కనబడుతుంది, తెలియనివాళ్లు పక్కనుంచే నడిచి వెళ్లిపోతారు. ముందే లోపలి పురావస్తు శాఖ సిబ్బందిని కలిసి, ఎప్పుడు తెరుస్తారో అడిగి, మిగతావి ఆ సమయానికి సర్దుకోండి. భోజనాల వేళ తాళం చెవి ఉన్న మనిషి దొరకడం కష్టం.

గైడ్‌తో డబ్బులతో పాటు ఏవేవి చూపిస్తారో కూడా ముందే మాట్లాడుకోండి. రంగీన్ మహల్, సోలా ఖంబా మసీదు, తఖ్త్ మహల్, నగరం వైపు రాతిని తొలిచి చేసిన మూడు వరుసల కందకం, ఈ నాలుగూ పేర్లతో చెప్పండి. తఖ్త్ మహల్ కమానుల మీద పులి, సూర్యుడు ఉన్న ముద్ర ఎక్కడుందని అడగండి. తడుముకోకుండా చూపించే మనిషైతే మీ డబ్బు వృథా కాదు. రాజుల ప్రేమకథలు మొదలుపెడితే మర్యాదగా ఆపి, గోడల దగ్గరికి తీసుకెళ్లమనండి. రెండున్నర గంటలకి తక్కువ పెట్టుకోకండి.

మధ్యాహ్నం ఎండలో బిద్రీ (నల్లటి లోహంలో వెండి పొదిగే బీదర్ కళ) పనివాళ్ల దగ్గర కూర్చోవడం హాయి. పాత ఊళ్లో చౌబారా చుట్టుపక్కల దుకాణాలున్నాయి. జింకు ఎక్కువ, రాగి కొంచెం కలిపి పోత పోస్తారు. గీత కనబడటానికి మైలుతుత్తంతో తాత్కాలికంగా నలుపు చేసి, ఉలితో చెక్కి, ఆ గాడిలో వెండి తీగ కొడతారు. చివర్లో నవసాగరం కలిపిన కోట మట్టితో రుద్దితే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే మిగులుతుంది. కొనేటప్పుడు గోటితో గీత మీద అడ్డంగా రాయండి. పొదిగినదైతే వెండి ఉపరితలంతో సమంగా ఉంటుంది, రంగు పూసినదైతే అంచు తగులుతుంది. ఇంటికి తెచ్చాక పుల్లటి పదార్థాలు తగలనివ్వకండి, నలుపు పోతుంది.

సాయంత్రం మూడున్నరకి బహమనీ సమాధులున్న అష్టూరు బయల్దేరండి. తిరుగు ఆటో దొరకదు, అందుకే రానుపోను, ఆగే సమయంతో సహా మాట్లాడుకోండి. దారిలో ఎనిమిది ముఖాల సమాధి చౌఖండీ వస్తుంది, నల్లరాతి మీద చెక్కిన అక్షరాల కోసం పది నిమిషాలు ఆగండి. అష్టూరులో సుల్తాను అహ్మద్ షా వలీ సమాధిలోకి వెళ్లగానే చీకటి తప్ప ఏమీ కనబడదు, అందరూ అక్కడే వెనుదిరుగుతారు. కళ్లు అలవాటు పడేదాకా నిలబడితే పైకప్పు మీద రంగులు, బంగారు పూత ఒక్కొక్కటే తేలతాయి. ఫ్లాష్ వద్దు. పక్కనున్న బహమనీ సుల్తాను హుమాయూన్ (మొఘల్ చక్రవర్తి కాదు) సమాధి గుమ్మటం సగం కూలిపోయింది, దానివల్లే గుమ్మటం మందం, ఇటుక వరుసలు కోసి చూపించినట్టు తెలుస్తాయి. అంత స్పష్టంగా వేరేచోట చూడలేం. సమాధుల్లో చెప్పులు విడవాలి, మేజోళ్లు తెచ్చుకోండి.

గురుద్వారా నానక్ ఝీరాకి రాత్రి తిరుగు ప్రయాణంలో వెళ్లొచ్చు, తల కప్పుకోవడానికి గుడ్డ కావాలి, లంగరులో (అందరికీ ఉచితంగా వడ్డించే వంటశాల) భోజనం దొరుకుతుంది. ఝరణీ నరసింహస్వామి గుహని మాత్రం ఈ రోజులో ఇరికించకండి. లోపల నీళ్లలో చాలా దూరం నడవాలి, వరుస పెద్దదైతే సగం రోజు అక్కడే పోతుంది. రాత్రి ఉండిపోతే మర్నాడు పొద్దున్నే, మారు బట్టలతో వెళ్లండి.